డైనమిక్ డీఎన్‌ఎస్ పెట్టినా బయటి నుంచి ఇంటి కెమెరా ఎందుకు రావట్లేదు?

మీరు అనంతపురంలో ఇంటికి కెమెరాలు పెట్టించి, డక్‌డీఎన్‌ఎస్ అనే డైనమిక్ డీఎన్‌ఎస్ సేవలో ఇంటి నెట్ అడ్రస్‌కు ఒక పేరు తీసుకుని, రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను కెమెరాకు పంపే అమరిక) కూడా చేశారు, అయినా బెంగళూరు నుంచి ఏమీ కనబడట్లేదు అన్నారు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మాదీ అనంతపురమే. నాన్న చీనీ తోటకు వెళ్తే అమ్మ ఇంట్లో ఒక్కతే ఉంటుంది, అందుకే గేటు దగ్గర కెమెరా పెట్టించాను. అది తెరుచుకోని ఆ రెండు రోజులూ నాకు ఒకటే టెన్షన్.

ముందు రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే నెట్ కంపెనీ మీ రూటర్‌కు ఇచ్చిన అడ్రస్, ఎంతుందో చూడండి. నేను ఊళ్లో లేక అమ్మతో ఫోన్లో చదివించాను. కళ్లద్దాలు పెట్టుకుని "వంద, చుక్క, డెబ్బై రెండు, చుక్క..." అంటూ నిదానంగా చెప్పింది. అంతవరకు వినగానే సంగతి తెలిసిపోయింది. 100.64 నుంచి 100.127 వరకు ఉండే అడ్రసులు నెట్ కంపెనీ లోపల వాడుకునేవి. ఐపీవీ4 అడ్రసులు చాలక ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలా ఇళ్లకు కలిపి ఇస్తారు. దీన్నే సీజీన్యాట్ అంటారు. డైనమిక్ డీఎన్‌ఎస్ చేసేదల్లా మారిన అడ్రస్‌ను పేరుకు తగిలించడమే. ఆ అడ్రస్ మీ ఒక్కరిదే కానప్పుడు బయటి కనెక్షన్ మీ రూటర్ దాకా రాదు. మీరెన్ని పోర్టులు తెరిచినా అంతే.

మా నెట్ ఆయన్ని అడిగితే నెలకు కొంత ఎక్కువ తీసుకుని పబ్లిక్ ఐపీ, అంటే మా ఒక్క ఇంటికే ఉండే అడ్రస్, ఇచ్చాడు. స్టాటిక్‌దే, అంటే ఎప్పటికీ మారనిదే, కావాలని లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా అడ్రస్ మారేది, కాసేపట్లో పేరు కూడా కొత్త అడ్రస్‌కు తిరిగేది.

డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె) పోర్టును మాత్రం నేరుగా తెరిచి పెట్టకండి, ఇది బతిమాలి చెప్తున్నా. నేను వారం రోజులు తెరిచి ఉంచాను. లాగ్ చూస్తే ఎవరెవరో రాత్రంతా పాస్‌వర్డులు కొట్టి చూశారు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, కంపెనీ పెట్టి ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను పట్టుకుని డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీదికి ఉసిగొల్పింది. ఆ రోజు ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ చాలామందికి తెరుచుకోలేదు. డైన్ మొదలైంది కూడా డైనమిక్ డీఎన్‌ఎస్ సేవతోనే.

ఇప్పుడు మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) నడుస్తోంది. బయటికి తెరిచింది 51820 యూడీపీ పోర్టు ఒక్కటే. ముందు వీపీఎన్ కలుపుకుని, ఆ తర్వాతే కెమెరా చూస్తాను. మీ నెట్ కంపెనీ పబ్లిక్ ఐపీ ఇవ్వనంటే టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ వేసుకోండి, అది సీజీన్యాట్ వెనక నుంచి కూడా కలుస్తుంది, డైనమిక్ డీఎన్‌ఎస్ అక్కర్లేదు.

ఇంటి వైఫైలో ఉండి పరీక్షించకండి, మొబైల్ డేటాతో చూడండి. మీ వ్యాన్ ఐపీలో మొదటి రెండు సంఖ్యలు మాత్రం చెప్పండి, పూర్తి అడ్రస్ పెట్టొద్దు. మీకు ఏ దారి కుదురుతుందో చెప్తాను.