రెండో ఇంజన్ సొంత బ్యాటరీతోనే తిరగాలి

అమ్మలూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఫ్లయింగ్ స్కూల్లో నీకు వచ్చే వారం ట్విన్ ఇంజన్ ట్రైనింగ్ మొదలవుతుందట. "రెండు ఇంజన్లుంటే ఒకటి ఆగినా భయం లేదు కదా అన్నయ్యా" అని అడిగింది. లేదమ్మా అన్నాను. తనకి ఆ మాట చాలు. నీకు చాలదు. మన ఇంటి పిల్ల రెండు ఇంజన్ల విమానం ఎక్కబోతోందంటే గుండె ఉప్పొంగింది, ఆ వెంటనే బ్యాటరీ గుర్తొచ్చింది. ఇక నిద్ర పట్టలేదు.

నీకిచ్చేది డైమండ్ డీఏ42. ముందు దానికున్నవి ఏ ఇంజన్లో కనుక్కో. పాతవాటికి థీలర్ట్ సెంచూరియన్, ఒక్కోటి 135 హార్స్‌పవర్. 2009లో వచ్చిన ఎన్‌జీ మోడల్‌కి ఆస్ట్రో ఏఈ300, 168 హార్స్‌పవర్. మెర్సిడెస్ కారు ఇంజన్‌నే మార్చి చేసిన రెండు లీటర్ల డీజిల్ అది. ఒకదాని చెక్‌లిస్ట్ ఇంకోదానికి పనికిరాదు. నేను రాసే అంకెలు ఎన్‌జీవి. నీ విమానంలో ఉన్న మాన్యువల్ ఇంకోలా చెబితే దాని మాటే విను, మామయ్య మాట కాదు.

ఆయిల్ 5 నుంచి 7 లీటర్ల మధ్య ఉండాలి. ఇంజన్‌ని ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్గుల సూచన ఆరాకే స్టార్టర్ తిప్పు. రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచు. ఆ తర్వాత ఆయిల్ 50, కూలెంట్ 60 డిగ్రీలు దాటేదాకా లోడు 50 శాతం మించనివ్వకు. ఇవన్నీ మీ ఇన్‌స్ట్రక్టరే చెబుతారు, నేను సాగదీయను.

ఇంధనం దగ్గర మాత్రం నువ్వే నిలబడి చూడు. దీనికి కావలసింది ఏటీఎఫ్, అంటే జెట్ విమానాలకు పోసే ఇంధనం. నువ్వు ఇంతవరకు నడిపిన పెట్రోలు ఇంజన్లకు పోసే ఏవ్‌గ్యాస్ ఒక్క లీటరు కూడా కలవకూడదు. ఇంజన్‌కి ఇంధనం తోసే కామన్ రెయిల్ హైప్రెషర్ పంపుకి వేరే ఆయిల్ ఉండదు, అందులో పారే ఇంధనమే దానికి జిడ్డు. ఏవ్‌గ్యాస్‌లో ఆ జిడ్డు లేదు కాబట్టి పంపు లోపలే అరిగిపోతుంది. డ్రెయిన్ చేసిన ఇంధనం తెల్ల కాగితం మీద ఒక చుక్క వెయ్యి. ఏవ్‌గ్యాస్ ఆరిపోయి పోతుంది, ఏటీఎఫ్ నూనె మరకలా మిగులుతుంది. అనుమానం వస్తే ఇంజన్ స్టార్ట్ చేసి చూద్దామని మాత్రం అనుకోకు. ట్యాంకు ఖాళీ చేయించాల్సిందే.

ఇప్పుడు బ్యాటరీ సంగతి. ఇది నెమ్మదిగా చదువు.

చిన్నప్పుడు మీ ఇంట్లో బోరు మోటారు స్విచ్ వేయగానే హాల్లో ట్యూబులైటు మిణుకుమనేది, గుర్తుందా? నువ్వు చప్పట్లు కొట్టి నవ్వేదానివి. మోటారు కదలడం మొదలుపెట్టే ఆ క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, అందుకని లైనులో వోల్టేజీ పడిపోతుంది. 2007 మార్చి 4న జర్మనీలోని స్పయర్‌లో ఒక డీఏ42ని ఆపేసింది సరిగ్గా ఇదే.

ఆ విమానం బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉంది. బయటి కరెంటు తగిలించి రెండు ఇంజన్లూ దానితోనే స్టార్ట్ చేశారు. మాన్యువల్ అలా చేయమనలేదు. ఇంజన్లు చక్కగా తిరిగాయి. ఆల్టర్నేటర్లు పనిచేస్తున్నాయి, స్క్రీన్ మీద వోల్టేజీ బాగుంది. టేకాఫ్ అయ్యాక గేర్ పైకెత్తారు. గేర్‌ని మడిచే హైడ్రాలిక్ పంపుకి ఉండేది ఎలక్ట్రిక్ మోటారు, మీ బోరు మోటారుకి తమ్ముడు. అది ఒక్కసారిగా కరెంటు లాగింది. ఆల్టర్నేటరు అంత తొందరగా అందుకోలేదు. ఆ లోటు పూడ్చాల్సింది బ్యాటరీ, ఆ బ్యాటరీలో ఏమీ లేదు. కన్ను మూసి తెరిచేలోపు వోల్టేజీ పడిపోయి, రెండు ఇంజన్లనూ నడిపే కంప్యూటర్లు, ఈసీయూలు, రీసెట్ అయ్యాయి. ఈ ఇంజన్లలో ఇంధనం ఎప్పుడు ఎంత చిమ్మాలో, ప్రొపెల్లర్ ఎంత తిరగాలో చెప్పేది ఈసీయూ. అది పోయేసరికి ఇంజన్లు రెండూ ఆగిపోయాయి, ప్రొపెల్లర్లు రెండూ ఫెదర్ అయిపోయాయి, అంటే వాటి రెక్కలు గాలికి అంచు చూపేలా తిరిగిపోయాయి. అప్పుడు ఎత్తు లేదు, టైము లేదు. ఎదురుగా ఉన్న నేల మీదే దిగారు.

రెండు ఇంజన్లు, రెండు ఆల్టర్నేటర్లు, రెండు ట్యాంకులు. ఒక్కటే అయింది బ్యాటరీ. ఆ ఒక్కటీ పోతే మిగతా జంటలన్నీ కలిసి పోయాయి. అది జరిగాకే ఈసీయూలకు వేరే బ్యాకప్ బ్యాటరీలు పెట్టారు. ఎన్‌జీలో కరెంటు మొత్తం పోయినా ఆ బ్యాకప్ మీద ఇంజన్లు 30 నిమిషాలు నడుస్తాయి. కానీ బ్యాకప్ కూడా బ్యాటరీయే తల్లీ, దానికీ వయసు మీద పడుతుంది. వాటిని ఎప్పుడు మార్చారో లాగ్‌బుక్‌లో చూడు. చిన్నపిల్లవి నీకెందుకంటే కూడా అడుగు.

కాబట్టి బయటి కరెంటు అవసరమైన రోజున ఇలా చెయ్యి. మొదటి ఇంజన్ దానితో స్టార్ట్ చేసి కేబుల్ తీయించెయ్యి. రెండోదాన్ని విమానం సొంత బ్యాటరీతో తిప్పు. స్టార్టర్ గట్టిగా తిప్పిందా, బ్యాటరీలో ప్రాణం ఉన్నట్టు. నీరసంగా ఊగిసలాడిందా, ఆ రోజుకి ఫ్లయింగ్ అయిపోయింది. రెండు ఇంజన్ల మాస్టర్ స్విచ్చులూ ఆపి దిగిపో. వెనక నలుగురు వెయిటింగ్‌లో ఉన్నారని, "ఈ ఒక్క సార్టీకి ఏం కాదు" అన్నారని మళ్లీ కేబుల్ తగిలించావంటే, నువ్వు ఎంత పెద్దదానివైనా చెవి మెలేస్తాను.

టేకాఫ్‌కి ముందు ఇంజన్లు పరీక్షించే రన్‌అప్‌లో ఈసీయూ టెస్టు కూడా అంతే. ఒక్కో ఇంజన్‌కి ఉన్న ఏ, బీ రెండు ఈసీయూలూ రెండు వైపులా మారాలి, మారేటప్పుడు ఇంజన్ తడబడకూడదు. ఏ ఈసీయూ పనిచేయాలో ఎంచే ఓటర్ స్విచ్చులు మళ్లీ ఆటోకి వచ్చాయో లేదో వేలు పెట్టి తాకి చూడు, కళ్లతో కాదు.

ఇక ఇంజన్ ఆగితే. పాత ట్విన్ విమానాల్లో ఆరు లీవర్లుండేవి. ఇందులో రెండు పవర్ లీవర్లే. మిక్స్చర్ లేదు, ప్రొపెల్లర్ లీవర్ లేదు. సుఖమే, కాకపోతే ప్రమాదమంతా రెండు ఇంజన్ మాస్టర్ స్విచ్చుల్లోకి వచ్చి కూర్చుంది. ప్రొపెల్లర్‌ని నువ్వు ఫెదర్ చేయాలంటే మాస్టర్ ఆపాల్సిందే. తప్పు వైపు స్విచ్ ఆపితే బాగున్న ఇంజన్‌ని నీ చేత్తో నువ్వే ఆపినట్టు.

రన్‌వే మీద ఉండగా ఆగితే రెండు లీవర్లూ వెనక్కి లాగి బ్రేకు వెయ్యి, అంతే. గాల్లో ఆగితే ముందు రడ్డర్, కాలితో తొక్కి ముక్కు పక్కకి తిరగకుండా ఆపు. ముక్కు దించి స్పీడు మీటరు మీది నీలిగీత దగ్గర, ఒక్క ఇంజన్‌తో బాగా పైకెక్కే 85 నాట్ల మీద నిలుపు. దాని కిందున్న ఎర్రగీత దాకా స్పీడు జారనిస్తే రడ్డర్ ఇక ఆపలేదు, బతికున్న ఇంజనే విమానాన్ని తిరగేస్తుంది. ప్రొపెల్లర్లు రెండూ ఒకే వైపు తిరుగుతాయి కాబట్టి ఎడమ ఇంజన్ పోతే కష్టం ఎక్కువ. బతికున్న ఇంజన్ వైపు అయిదు డిగ్రీల దాకా వాల్చు. ఏ కాలికి పని లేదో ఆ వైపు ఇంజన్ పోయింది. అయినా నమ్మకు, ఆ వైపు పవర్ లీవర్ మెల్లగా వెనక్కి లాగు. విమానంలో ఏ మార్పూ రాకపోతేనే ఆ వైపు మాస్టర్ ఆపు.

అలాగని తటపటాయిస్తూ కూర్చోకు. ప్రొపెల్లర్ సుమారు 1300 ఆర్‌పీఎం కంటే కిందికి జారితే లోపలి స్టార్ట్ లాక్ పిన్నులు పడతాయి, ఇక ఫెదర్ కాదు. నేల మీద మళ్లీ స్టార్ట్ చేయడానికి వీలుగా పెట్టిన పిన్నులవి, గాల్లో పడితే అడ్డంగా నిలబడ్డ రెక్కలు బ్రేకులా లాగుతాయి. స్పీడు ఉంటే ప్రొపెల్లర్ తిరుగుతూ ఉంటుంది, నీకు ఆలోచించే టైము దొరుకుతుంది.

మే నెల ఎండల్లో క్లైంబ్ చేస్తున్నప్పుడు కూలెంట్ మీద ఓ కన్ను వేసి ఉంచు. 95 దాటితే పసుపు, 105 హద్దు. పసుపులోకి వస్తే కొంచెం పవర్ తగ్గించి ముక్కు దించు, గాలి ఆడితే అదే దిగుతుంది.

పొద్దున ఏమీ తినకుండా ఫ్లయింగ్‌కి వెళ్లకు. అక్కడి చలికాలం మంచు మనవైపు లాంటిది కాదు, మీ అమ్మమ్మ అల్లిన స్వెట్టర్ పెట్టెలో పెట్టించాను. ముందు మీ మాన్యువల్‌లో బయటి కరెంటుతో స్టార్ట్ చేసే పేజీ ఫొటో తీసి నాకు పంపు. ఆదివారం ఫోన్లో ఇద్దరం కలిసి చదువుదాం.

మీ పెద్దమామయ్య