బడి దరఖాస్తులో పాప జాతి: ఒక్క గడే ఎంచుకోవాలా?

అమెరికాలో మీ పాప బడి దరఖాస్తులో జాతి దగ్గర ఏ గడి గుర్తించాలని అడిగారు. ‘నల్లజాతి’, ‘ఆసియన్’ గడుల్లో ఒక్కటే ఎంచుకోవాలని అనుకోవడం వల్లే మీకు ఈ చిక్కు వచ్చింది. తండ్రి ఆఫ్రికన్ అమెరికన్, తల్లి తెలుగు కాబట్టి మీ పాపకు రెండు గడులూ గుర్తించవచ్చు. అమెరికా జనాభా లెక్కల్లోనూ 2000 నుంచి ఈ వీలుంది.

చాలామంది గమనించనిది ఒకటుంది. తేల్చుకోలేక ఖాళీగా వదిలేస్తే, అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో సిబ్బందే పిల్లల జుట్టు, మేనిఛాయ చూసి తమకు తోచిన జాతిని నమోదు చేసే పద్ధతి ఉంది. పాప ఎవరన్నది మరొకరి చూపుకు వదిలేయకండి, దయచేసి మీరే రాయండి.

1. హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారా అనే) ప్రశ్న విడిగా ఉంటే ముందు దానికి జవాబివ్వండి.

2. రెండు గడులు గుర్తిస్తే, బడులు కేంద్రానికి పంపుతూ వచ్చిన లెక్కల్లో పాప ‘రెండు లేదా అంతకుమించిన జాతులు’ వర్గంలో చేరుతుంది, నల్లజాతి పద్దులో కనిపించదు; ఈ సంగతి మీ భర్తకు ముందే చెప్పండి.

3. ఊహ తెలిసిన వయసైతే పాపనే అడగండి. తల్లి శ్వేతజాతీయురాలైనా, బరాక్ ఒబామా 2010 జనాభా లెక్కల్లో నల్లజాతి గడి ఒక్కటే ఎంచుకున్నారు. మీ పాప కూడా అలాగే కోరితే, ఆ గడి ఆమె తెలుగుతనాన్ని తుడిచేయదని మీ పుట్టింటివారికి నచ్చజెప్పండి.

తరువాత ఆమె మనసు మారితే, నమోదును సవరించమని బడి కార్యాలయాన్ని కోరండి.