ఒరను, పిస్తోలును విడిగా ఉంచు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

పాత జేబు పిస్తోళ్లు, వాటి తోలు ఒరలు సేకరించాలనుకుంటున్నావని వదిన ఫోనులో చెప్పగానే, మన ఇంట్లో నా తరవాత పాత ఉక్కు మీద మనసుపడినవాడు ఒకడున్నాడని పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఏది చేతికొచ్చినా ముందు గొట్టాలు తెరిచి, ఖాళీగా ఉన్నాయని కళ్లారా చూసుకో. కాల్చి చూడాలని ఎన్నడూ అనుకోకు.

నువ్వు అమెరికాలో ఇంకా వీసా మీదే ఉన్నావు కాబట్టి నా భయమంతా చట్టం గురించే. అక్కడి ఫెడరల్ చట్టం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవాటినే పురాతనమైనవిగా లెక్కిస్తుంది. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి గనుక కొనేముందు లాయరును అడుగు. ఉదాహరణకు, రెమింగ్టన్ కంపెనీవారి రెండు గొట్టాల చిన్న జేబు పిస్తోలు డెరింజర్‌నే తీసుకో, అది 1866 నుంచి 1935 దాకా తయారైంది. గొట్టాల మీద ‘ఇ. రెమింగ్టన్ అండ్ సన్స్’ అని ఉంటే పాతదే. ‘రెమింగ్టన్ ఆర్మ్స్ కంపెనీ’ అని ఉంటే 1898కి ముందుదో తరవాతిదో ఆ పేరొక్కటే తేల్చదు, అమ్మేవాడు ఎన్ని ఒట్లు పెట్టినా నమ్మకు. గొట్టాలు పైకి లేచే బందు దగ్గర పగులుందేమో కూడా చూడు.

నా మొదటి డెరింజర్ ఒరతో సహా దొరికింది. ఇన్నేళ్ల జంటను విడదీయడమెందుకని పిస్తోలును ఒరలోనే ఉంచి బీరువాలో పెట్టాను. అంతలో అమ్మకు జబ్బు చేసిందని ఊరికి వెళ్లి, ఆమె పోయాక కర్మకాండలన్నీ ముగించుకుని, ఎనిమిది నెలలకు తిరిగొచ్చాను. ఒరలోంచి లాగితే రాలేదు. వచ్చాక చూస్తే, లోపలి కుట్టు ఆనినచోటల్లా గొట్టం మీద వరసగా తుప్పు గుంటలు పడి ఉన్నాయి. మన దగ్గర తంగేడు చెక్కతో తోలును ఊని పదును చేసినట్టే అక్కడా చెట్టు బెరడుతో ఊనిన తోలు అది. అందులోని వగరుకు తేమ తోడైతే ఉక్కును తినేస్తుంది. కరక్కాయ రసం తగిలిన ఇనుము నల్లబడటం చిన్నప్పుడు చూసినవాణ్ణే, అయినా నాకు తట్టలేదు. ఆ దుఃఖంలో గరుకు కాగితం తీసుకుని, మెరుపు వచ్చేదాకా రుద్దాను. తుప్పుతో పాటు గొట్టం మీది పేరూ పోయింది. దాని వయసు చెప్పే అక్షరాలను నా చేతులతో నేనే చెరిపేశాను, నాన్నా.

అందుకే గట్టిగా చెబుతున్నాను, గరుకు కాగితం ఇంట్లోకే రానివ్వకు. పిస్తోలుకు పలచగా నూనె రాసి విడిగా ఉంచు. ఒరకు నూనె పట్టించకుండా, ఆమ్లం లేని మెత్తటి కాగితం కూరి మరో పెట్టెలో పెట్టు. ఏది దేని జతో చీటీ రాసుకో. ఇండియాకు తెచ్చి నాకు చూపించాలని మాత్రం అనుకోకు. ఫొటో పంపు, గొట్టం మీది అక్షరాలు స్పష్టంగా కనిపించాలి.

నీ బాబాయి