చెప్పగలిగిన కథ రాయలేకపోతుంటే

మీ ఎనిమిదేళ్ల అబ్బాయి కథలు గలగలా చెబుతాడు, రాయమంటే రెండు వాక్యాల దగ్గరే ఆగిపోతాడని అన్నారు. అది ఊహ లేక కాదండీ. ఆ వయసులో గుణింతాలు, ఒత్తులు గుర్తుచేసుకోవడానికే ధ్యాసంతా పోతుంది, ఈలోగా కథ జారిపోతుంది. కొన్నాళ్లు అతను చెబుతుంటే మీరు రాయండి, ఒక్క మాటా మార్చకుండా. తర్వాత చదివి వినిపించండి. మధ్యలో ఏదైనా కొత్తగా కలిపితే ఆ ముక్కను అతని చేతే రాయించండి.

'కథ రాయి' అనకండి, పిల్లలకు అది మరీ పెద్ద పని. 'తాళం వేసిన గదిలోంచి ఎవరో తలుపు తట్టారు, తర్వాత?' అని అడగండి. 'భయమేసింది' అని ఊరుకుంటే, అప్పుడు ఏ చప్పుడు వినిపించిందో, చేతులు ఏం చేశాయో అడగండి. తప్పులు దిద్దడం మాత్రం దయచేసి మర్నాటికి వాయిదా వేయండి. వెంటనే దిద్దితే, తప్పు రాస్తామేమోనన్న భయంతో పిల్లలు బాగా తెలిసిన మాటలే రాస్తారు.