సంతకానికి ముందు మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాసేది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. ఫుట్‌బాల్ ట్రయల్స్ ముగిసిన మర్నాడే క్లబ్ వారు నిన్ను ఆఫీసుకు పిలిచారనీ, మూడేళ్ళ కాంట్రాక్టు ఇస్తామన్నారనీ, ఆ తరువాత క్లబ్‌కు ఇష్టమైతే మరో రెండేళ్ళు పొడిగించుకుంటుందని చెప్పారనీ, శుక్రవారం సాయంత్రంలోగా సంతకం పెట్టకపోతే ఆ చోటు వేరొకరికి వెళ్ళిపోతుందన్నారనీ చెప్పింది. పందొమ్మిదేళ్ళకే నీకు ఈ పిలుపు వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. అయినా ఆ శుక్రవారం గడువు సంగతి విన్నప్పటి నుంచి మనసు నిలవక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఆ బేరం బల్లకు రెండు వైపులా కూర్చున్నవాణ్ణి. ఆటగాడిగా కలకత్తాలో ఆరు సీజన్లు ఆడాను, ఆ తరువాత వేరే ఊళ్ళో ఒక క్లబ్‌కు మేనేజరుగా పదకొండేళ్ళు పనిచేశాను. క్లబ్ ప్రతి ఏటా పాతిక ముప్పై మంది ఆటగాళ్ళతో బేరమాడుతుంది, ఆటగాడు మాత్రం తన జీవితం మొత్తంలో నాలుగైదుసార్లే ఆ గదిలోకి అడుగుపెడతాడు. వారికి అలవాటైన పని నీకు కొత్త కాబట్టి, అక్కడ జరిగేదంతా ఎప్పుడూ ఇలాగే జరుగుతుంది కాబోలని నీకు అనిపిస్తుంది. అది నిజం కాదు.

ముందుగా గడువు గురించి చెబుతాను, ఎందుకంటే మిగిలిన ఎత్తులన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. ట్రాన్స్‌ఫర్ విండో, అంటే ఆటగాళ్ళు క్లబ్ మారడానికి అనుమతి ఉండే కాలం, మూసుకునే తేదీ నిజమైన గడువు, దాన్ని ఎవరూ జరపలేరు. 2015 ఆగస్టు 31న మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌కీపర్ డేవిడ్ డి హేయాను రియల్ మాడ్రిడ్‌కు పంపేందుకు రెండు క్లబ్‌లూ ఒప్పుకున్నాయి. చివరి గంటల దాకా ఒకరినొకరు ఒత్తిడి చేసుకుంటూ కూర్చోవడంతో కాగితాలు అర్ధరాత్రి దాటాక చేరాయి, అతని బదిలీ ఆగిపోయింది. నీకు చెప్పిన శుక్రవారం అటువంటిది కాదు. నువ్వు ఏ క్లబ్‌తోనూ కాంట్రాక్టులో లేవు, విండో మూసుకోవడానికి ఇంకా వారాల వ్యవధి ఉంది. ఆ శుక్రవారం ఆఫీసులో ఎవరో తమ డైరీలో రాసుకున్న తేదీ మాత్రమే. ఆ తేదీ ఎందుకు పెట్టారో మర్యాదగా అడుగు. నిజమైన కారణం ఉంటే వెంటనే చెబుతారు, లేకపోతే మాట మారుస్తారు.

ఇది నేనెలా చెప్పగలుగుతున్నానంటే, ఆ పని నేనూ చేశాను. పదకొండు గంటలకు రమ్మన్న కుర్రాణ్ణి రెండింటి దాకా వరండాలో కూర్చోబెట్టేవాళ్ళం. లోపలికి పిలిచేసరికి బల్ల మీద అదే స్థానంలో ఆడే వేరొక కుర్రాడి ఫైలు తెరిచి ఉండేది. ఆకలితో, ఆందోళనతో ఉన్న పిల్లవాడు ఆ ఫైలు మీది ఫోటో చూడగానే, అడగాలని ఇంటి దగ్గర అనుకుని వచ్చిన ప్రశ్నలన్నీ మర్చిపోయేవాడు. అప్పట్లో అది ఉద్యోగంలో భాగమనుకున్నాను. ఇప్పుడు ఆ ముఖాలు గుర్తుకొస్తే బాధ కలుగుతుంది, అందుకే నీకు దాచకుండా చెబుతున్నాను. వెళ్ళేముందు కడుపునిండా భోజనం చేసి వెళ్ళు, అడగవలసినవి కాగితం మీద రాసుకుని వెళ్ళు.

ఇక వారు చూపించే ఆప్యాయత. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని, టీ తెప్పించి, ‘ఇంట్లో ఎలా ఉన్నారు, నాన్నగారు ఏం చేస్తారు, అక్కయ్య పెళ్ళయిందా’ అని అడుగుతారు. ఆ అడగడంలో నిజమైన అభిమానం కొంత ఉండవచ్చు, కాదనను. కానీ అక్కడ నువ్వు చెప్పిన ప్రతి అవసరమూ వారి లెక్కలోకి వెళుతుంది. ఇంటి మీద అప్పుందని తెలిస్తే, కాంట్రాక్టు మొత్తం తగ్గించి సంతకం రోజున చేతికిచ్చే అడ్వాన్సును కాస్త పెంచుతారు, అవసరంలో ఉన్నవాడికి ఆ అడ్వాన్సు తప్ప మరేదీ కనబడదు. మా రోజుల్లో రైల్వేలోనో, బ్యాంకులోనో క్రీడాకారుల కోటాలో ఉద్యోగం ఉండేది కనుక, ‘నీకు నెల జీతం ఉంది కదా, ఇక్కడ కూడా ఎందుకంత’ అనేవారు. మన హైదరాబాద్ నుంచి వెళ్ళి కలకత్తా క్లబ్‌లు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడిన మొహమ్మద్ హబీబ్ గారు ఉద్యోగాన్ని ఆశ్రయించకుండా ఆట మీదే బతికారు. 1977లో పెలే అమెరికా క్లబ్ కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు వారికి ఎదురు నిలిచిన మోహన్ బగాన్ జట్టులో ఆయన ఉన్నారు. నా విలువ నా ఆట మాత్రమే అని క్లబ్ ముందు నిలబడగలగడం ఎంత బలమో ఆయనను చూసి మా తరం తెలుసుకుంది, మాలో చాలామందిమి ఆచరించలేకపోయాం. ఇంటి సంగతులు అడిగితే అందరూ క్షేమమని చెప్పి, మాటను ఆట మీదికి మళ్ళించు.

డబ్బు దగ్గర వారు నిన్నే ముందు అంకె చెప్పమంటారు. చెప్పవద్దు, ఎందుకంటే కొత్తవాడు ఎప్పుడూ భయపడి తక్కువే చెబుతాడు, ఆ తరువాత బేరమంతా ఆ తక్కువ చుట్టూనే తిరుగుతుంది. వారు చెప్పిన అంకెను కూడా విడదీసి చూడాలి. మూడేళ్ళకు మొత్తం ఇంత అని ఒక పెద్ద సంఖ్య వినిపిస్తారు. అందులో నెలనెలా ఖచ్చితంగా వచ్చేది ఎంత, ఆడిన మ్యాచ్‌లను బట్టి వచ్చేది ఎంత, జట్టు గెలిస్తే వచ్చే బోనస్ ఎంత, గది అద్దె, విమానం టిక్కెట్లు కూడా అందులోనే కలిపారా, పన్ను పోయాక చేతికి ఎంత వస్తుంది అన్నవి విడివిడిగా రాసి ఇమ్మని అడుగు. మ్యాచ్‌ను బట్టి ఇచ్చే డబ్బు నీ చేతిలో లేదు, కోచ్ చేతిలో ఉంటుంది. తుది జట్టులో నీ పేరు లేకపోతే నువ్వు ఎంత కష్టపడినా అది రాదు. కాబట్టి ఖచ్చితమైన జీతాన్ని మాత్రమే నీ సంపాదనగా లెక్క వేసుకో.

ఈ కాంట్రాక్టులో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది ‘క్లబ్‌కు ఇష్టమైతే మరో రెండేళ్ళు’ అన్న షరతు. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిబంధనల ప్రకారం పద్దెనిమిది నిండిన ఆటగాడితో గరిష్ఠంగా 5 ఏళ్ళు, నిండనివాడితో 3 ఏళ్ళు మాత్రమే ఒప్పందం చేసుకోవచ్చు. నీ విషయంలో మూడూ రెండూ కలిపితే సరిగ్గా ఆ అయిదేళ్ళ హద్దు దగ్గర ఆగుతుంది. నువ్వు రాణిస్తే వారు ఇప్పటి జీతానికే ఇంకో రెండేళ్ళు నిన్ను ఉంచుకోవచ్చు, రాణించకపోతే మూడేళ్ళకే వదిలేయవచ్చు. లాభం వచ్చినా నష్టం వచ్చినా ఎంపిక వారిదే. ఒకవైపే హక్కున్న ఇటువంటి పొడిగింపులు తగవు దాకా వెళ్ళినప్పుడు చెల్లకపోవచ్చు, కానీ పందొమ్మిదేళ్ళ కుర్రాడు ఎన్ని నెలలు తగవులాడగలడు? ఆ షరతు తీసివేయమని అడుగు. తీయకపోతే, పొడిగింపు నీ అంగీకారంతోనే జరగాలనీ, నాలుగో ఏట జీతం ఫలానా మొత్తానికి పెరుగుతుందనీ రాయించు. నన్నడిగితే రెండేళ్ళ కాంట్రాక్టు నీకు అన్నిటికంటే మేలు. ఒప్పందం ముగియడానికి ఆరు నెలలు ఉండగానే వేరే క్లబ్‌తో మాట్లాడి సంతకం చేసుకునే హక్కు నీకు ఉంటుంది, మాటలు మొదలుపెట్టే ముందు ఆ కొత్త క్లబ్ నీ ఇప్పటి క్లబ్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఆ స్వేచ్ఛ ఊరికే వచ్చింది కాదు. బెల్జియంలో జాన్ మార్క్ బోస్మాన్ అనే ఆటగాడి ఒప్పందం 1990లో ముగిస్తే, అతను ఆడుతున్న లియేజ్ నగరపు క్లబ్ అతని జీతాన్ని నాలుగో వంతుకు తగ్గించి కొత్త ఒప్పందం ఇస్తామంది. అతను కాదని ఫ్రాన్సులోని డంకర్క్‌కు వెళ్ళబోతే బదిలీ కుదరనివ్వలేదు. గడువు తీరినా ఆటగాడు క్లబ్ సొత్తుగానే ఉండిపోయే రోజులవి. అతను న్యాయస్థానానికి వెళ్ళాడు, 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం అతనికి అనుకూలంగా తీర్పు చెప్పింది. అప్పటికి అతని ఆట కాలం కరిగిపోయింది. కలకత్తాలో మాకు టోకెన్ పద్ధతి ఉండేది, ఆటగాడి టోకెన్ ఏ క్లబ్ చేతిలో ఉంటే అతను ఆ క్లబ్‌కే ఆడాలి. క్లబ్ మనుషులు బదిలీల రోజుల్లో కుర్రాళ్ళను హోటళ్ళలో, బంధువుల ఇళ్ళలో దాచిపెట్టి, టోకెన్ తమ దగ్గర ఉంచుకుని, ఎదుటి క్లబ్ వారు కలవకుండా కాపలా కాసేవారు. ఇప్పుడు అలా గదిలో పెట్టి తాళం వేయరు, ఆ పని ఒక షరతుతో జరిగిపోతుంది.

పెద్ద క్లబ్ అడిగితే వదిలేస్తామని నోటితో చెబితే నమ్మవద్దు, కాగితం మీద ఉన్నా ప్రతి మాటా చదువు. 2013లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ క్లబ్ ఆటగాడు లూయిస్ సువారెజ్ కాంట్రాక్టులో 4 కోట్ల పౌండ్ల ప్రస్తావన ఉందని తెలిసి, ఆర్సెనల్ అనే మరో క్లబ్ సరిగ్గా 4,00,00,001 పౌండ్లు ఇస్తామంది. తాను వెళ్ళవచ్చని సువారెజ్ అనుకున్నాడు, ఆ షరతు అర్థం అది కాదని లివర్‌పూల్ భీష్మించింది, ఆ ఏడు అతను కదలలేకపోయాడు. రిలీజ్ క్లాజ్ రాయిస్తే, ఇంత మొత్తం వస్తే క్లబ్ తప్పనిసరిగా వదలాలి అన్న వాక్యం అనుమానానికి తావులేకుండా ఉండాలి.

గాయం గురించి వారు ప్రస్తావన తీసుకురారు, నువ్వే తీసుకురావాలి. రెండో సీజన్లో నా మోకాలి లిగమెంటు తెగినప్పుడు నాకు రాతలో ఉన్నది మ్యాచ్ డబ్బు మాత్రమే. ఆడని మ్యాచ్‌కు డబ్బెందుకని అన్నారు. ఆపరేషన్‌కు మీ అమ్మమ్మ గాజులు తాకట్టు పెట్టింది. ఆటలో గానీ ప్రాక్టీసులో గానీ దెబ్బ తగిలితే చికిత్స ఖర్చు మొత్తం క్లబ్ భరిస్తుందనీ, కోలుకునే దాకా పూర్తి జీతం ఇస్తుందనీ రాయించకుండా సంతకం పెట్టవద్దు. జీతం కొంచెం తగ్గినా ఫరవాలేదు, ఇది మాత్రం వదలవద్దు. సంతకం అయ్యాక వైద్య పరీక్ష చేసి, అందులో తప్పితే ఒప్పందం చెల్లదని రాస్తే ఒప్పుకోకు. ఫిఫా నిబంధనల్లో 18వ అధికరణం దాన్ని కాదంటుంది, పరీక్షలన్నీ సంతకానికి ముందే జరగాలి.

ఏజెంటు ఎవరైనా మధ్యలో ఉంటే, అతనికి డబ్బు ఎవరిస్తున్నారో నేరుగా అడుగు. క్లబ్ దగ్గర తీసుకునేవాడు నీ కోసం గట్టిగా మాట్లాడలేడు.

జీతం ఆగిపోతే ఏం చేయాలో కూడా ఇప్పుడే తెలుసుకో. రెండు నెలల జీతం బాకీ పడితే, రాతపూర్వకంగా 15 రోజుల గడువిచ్చి, అప్పటికీ చెల్లించకపోతే కాంట్రాక్టు నుంచి బయటకు రావడానికి ఫిఫా నిబంధనలు వీలిస్తాయి. కానీ కోపంతో, ఎవరో చెప్పారని, సరైన కారణం లేకుండా మాత్రం బయటకు రావద్దు. 2024 సెప్టెంబరులో డిఫెండర్ అన్వర్ అలీ మోహన్ బగాన్‌తో ఉన్న ఒప్పందాన్ని వదిలి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) కమిటీ 4 నెలల నిషేధమూ, రూ. 12.90 కోట్ల పరిహారమూ విధించింది. విషయం ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాక ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుని మళ్ళీ విచారణ మొదలుపెట్టారు. జాతీయ జట్టు ఆటగాడికే అంత చిక్కు వస్తే, నీలాంటి కొత్తవాడి సంగతి ఆలోచించు.

రేపు ఉదయం క్లబ్‌కు ఫోను చేసి, ‘సార్, మీరు అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞుణ్ణి, కాంట్రాక్టు నకలు పంపితే మా ఇంటి పెద్దలకు చూపించి సోమవారం వచ్చి మాట్లాడతాను’ అని చెప్పు. ఇంతకన్నా ఒక్క మాట ఎక్కువ వద్దు. నకలు పంపడానికి వెనకాడితే నాకు వెంటనే తెలియజేయి. పంపితే రెండు ప్రతులు తీయించి, శనివారం పొద్దున్నే నాన్నగారితో కలిసి సికింద్రాబాద్ రా. నాకు తెలిసిన వకీలు ఒకాయన క్రీడాకారుల ఒప్పందాలు చూస్తారు, ఆయనను మధ్యాహ్నానికి మన ఇంటికి రమ్మన్నాను. ప్రతి పేజీ కలిసి చదువుదాం.

ఇట్లు,
నీ మామయ్య