“బీపీ మందు” అని రాసి ఊరుకోకు

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

న్యూక్లియర్ మెడిసిన్‌లో టెక్నాలజిస్టుగా చేరబోతున్నావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. ఆ వెంటే బెంగా పట్టుకుంది. రేడియేషన్ గురించి కాదులే. సీసపు తొడుగు, దూరం, చకచకా పని ముగించడం, రేడియేషన్ కొలిచే బ్యాడ్జి మర్చిపోకపోవడం వాళ్ళే నేర్పుతారు. నా బెంగంతా రోగి సంచిలో ఉన్న మందుల గురించి.

బొమ్మ కోసం రోగికిచ్చే రేడియోధార్మిక మందుకి, అంటే ట్రేసర్‌కి, సొంత దారంటూ ఉండదు. ఒంట్లో చక్కెర పోయే దారినో, అయోడిన్ పోయే దారినో పట్టుకుని పోతుంది. రోగి వేసుకున్న బిళ్ళ ఆ దారిని ముందే మూసేస్తే కెమెరా ఎంత మంచిదైనా ఏం లాభం?

పెట్ స్కాన్‌కి వచ్చేవాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళూ ఉంటారు. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే పేగులు, ముఖ్యంగా పెద్దపేగు, చక్కెరని పోలిన ట్రేసర్ ఎఫ్‌డీజీని విపరీతంగా లాక్కుంటాయి. ట్రేసర్ ఎక్కువ చేరినచోటు బొమ్మలో నల్లగా వస్తుంది, అక్కడేదైనా కణితి ఉంటే ఆ నలుపులో కలిసిపోతుంది. పేగుల్నే చూడాల్సి వచ్చినప్పుడు 48 గంటల ముందు ఆపిస్తారు. ఇన్సులిన్‌తో ఇంకా జాగ్రత్త. షుగర్ 200 దాటిందని కంగారుపడి సూది వేసి, అంకె దిగగానే ఎఫ్‌డీజీ ఇచ్చారనుకో, అదంతా కండల్లోకీ గుండెలోకీ పోతుంది. తొడలు, భుజాలు నల్లగా వస్తాయి, కణితికి మిగిలేది తక్కువ. త్వరగా పనిచేసే ఇన్సులిన్ అయినా కనీసం 4 గంటలు ఆగాలి. కీమో తర్వాత తెల్లరక్తకణాలు పెరగడానికి ఇచ్చే జీ-సీఎస్ఎఫ్ సూదులు ఎముక మూలుగంతటినీ వెలిగిస్తాయి. ఆఖరి సూది తేదీ రాసుకో, బొమ్మ చదివే డాక్టరుకి అది కావాలి.

ఇక నన్ను భయపెట్టేది ఎంఐబీజీ అనే ట్రేసర్‌తో తీసే స్కాన్. ఈ తప్పు ఎంత పాతదో అంత సులువుగా జరుగుతుంది.

ఒక రోగికి బీపీ ఉన్నట్టుండి ఎగురుతోంది, చెమటలు, తలనొప్పి, గుండెదడ. మూత్రపిండం మీదుండే అడ్రినల్ గ్రంథిలో వచ్చే ఫియోక్రోమోసైటోమా అనే కణితేమోనని స్కాన్ రాస్తారు. “మందులేమైనా వాడుతున్నారా?” అని అడిగితే “బీపీ బిళ్ళలండీ” అంటాడు. ఫారంలో “బీపీ మందు” అని పడుతుంది. ఆ రెండు ముక్కల వెనక లాబెటలాల్ ఉందని ఎవరూ చూడరు. ఎంఐబీజీ నోరాడ్రినలిన్ అనే హార్మోన్‌ని పోలిన పదార్థం, దాని వాకిలి గుండానే కణంలోకి వెళ్ళి దాని గదుల్లోనే నిలవుంటుంది. లాబెటలాల్ ఆ వాకిలీ మూస్తుంది, గదులూ ఖాళీ చేస్తుంది. మర్నాడు 24 గంటల బొమ్మలు తీస్తే అడ్రినల్ దగ్గర ఏమీ కనబడదు. కణితి అక్కడే ఉంటుంది. “ఏమీ లేదన్నారు” అని రోగి నిశ్చింతగా ఇంటికి పోతాడు. చెడిపోయిన బొమ్మైతే మళ్ళీ తీస్తారు, ఇంత శుభ్రంగా వచ్చినదాన్ని ఎవరనుమానిస్తారమ్మా?

అనుమానించడానికి ఒక గుర్తుంది. లాలాజల గ్రంథులు, గుండె మామూలుగా ఎంఐబీజీని పట్టుకుంటాయి. బొమ్మలో దవడల కింద ఆ చుక్కలు కూడా వెలవెలబోయి, గుండె కూడా కనబడకపోతే, కంప్యూటర్ మూసే ముందు మందుల కాగితం మళ్ళీ తీసి చూడు.

అమిట్రిప్టిలిన్ లాంటి పాత డిప్రెషన్ మందులూ ఆ వాకిలినే మూస్తాయి. జలుబు బిళ్ళల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ గదులు ఖాళీ చేస్తుంది. జలుబు బిళ్ళని ఎవరూ మందుగా లెక్కపెట్టరు, నువ్వే పేరు పెట్టి అడగాలి. లాబెటలాల్ కనీసం 3 రోజుల ముందు ఆపాలి. కానీ ఆ మాట రోగితో నువ్వు అనకు, ఒట్టు. ఈ కణితి ఉన్న మనిషికి బీపీ మందు ఒక్కసారిగా ఆగితే ప్రాణం మీదికొస్తుంది. స్కాన్ రాసిన డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఫినాక్సీబెంజమిన్, డాక్సజోసిన్ లాంటి ఆల్ఫా బ్లాకర్లు, అవీ బీపీ తగ్గించేవే, ఈ స్కాన్‌కి అడ్డురావు, ఏది మార్చాలో ఆయన చూసుకుంటారు.

థైరాయిడ్ అయోడిన్ స్కాన్‌కి వచ్చినవాళ్ళని గుండె మందుల గురించి అడుగు. అమియోడరోన్ 200 మిల్లీగ్రాముల బిళ్ళలో 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. మనిషికి రోజుకి కావలసింది 150 మైక్రోగ్రాములే, అంటే ఒక్క బిళ్ళలో 500 రెట్లు. అప్పటికే నిండిపోయిన గ్రంథి నీ ట్రేసర్‌ని దగ్గరికి రానివ్వదు. మందు ఆపినా నెలల తరబడి ఒంట్లోనే ఉంటుంది. అయోడిన్ కాంట్రాస్ట్‌తో సీటీ తీసినా వారాలు ఆగాల్సిందే.

రక్తనాళాల్ని విప్పార్చే అడెనొసిన్ ఇచ్చి గుండెకి తీసే స్కాన్ ముందు “ఖాళీ కడుపేనా?” అంటే చాలదు. టీ, కాఫీ తాగినవాళ్ళూ అవునంటారు. కెఫీన్, ఆస్తమాకి వాడే థియోఫిలిన్ అడెనొసిన్ పనిని అడ్డుకుంటాయి, రక్తనాళాలు విప్పారవు, లోపం దాగిపోతుంది. కెఫీన్ కనీసం 12 గంటలు మానాలి, 24 అయితే మేలు. పిత్తాశయం స్కాన్‌కి వార్డు నుంచి వచ్చినవాళ్ళ చార్టులో మార్ఫిన్ ఎన్నింటికిచ్చారో చూడు. అది పిత్తనాళం చివరి కండరాన్ని బిగించేస్తుంది, అడ్డేమీ లేకపోయినా ఉన్నట్టే కనబడుతుంది.

చేరిన రోజే మీ ఫారం తిరగేసి చూడు. మందు పేరు, డోసు, ఆఖరిసారి వేసుకున్న వేళ అని మూడు గళ్ళున్నాయా? లేకపోతే డాక్టరుగారినడిగి పెట్టించు. కొత్తదాన్నని మొహమాటపడి కూర్చోకు, చెప్పేదాకా తెలియనట్టుండే నీ అలవాటు నాకు తెలుసు. రోగులతో మందుల అట్టలు తెప్పించుకుని, పేర్లు అట్ట మీద నువ్వే చదువు. వేళకి తిని పడుకో తల్లీ. ఫారం చూశాక ఏముందో నాకు రాయి.

మీ పెద్దమ్మ