ఎలుకలకు రాని జబ్బును ఎలుకల్లో ఎలా పరిశోధిస్తారు?

ప్రశ్న: మా అక్క కొన్నేళ్లుగా పొత్తికడుపు నొప్పితో బాధపడుతోంది. మూత్రాశయం నిండేకొద్దీ నొప్పి పెరుగుతుంది, మూత్రానికి వెళ్లి వస్తే కాస్త తగ్గుతుంది. కల్చర్ పరీక్షల్లో సూక్ష్మజీవులేవీ కనిపించలేదు. ఇది ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అని డాక్టరు గారు చెప్పారు. ఒక కొత్త మందుతో ఎలుకల్లో ఈ జబ్బు తగ్గిందని ఈమధ్య చదివాను. అసలు ఎలుకలకు ఈ జబ్బు వస్తుందా? ఆ ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఎలుకలకు ఈ జబ్బు సహజంగా వస్తుందనడానికి ఆధారాలు లేవు. మనుషుల్లో కనిపించే లక్షణాల్లో ఒకటో రెండో వాటిలో కలిగించి, వాటి మీద మందును పరీక్షిస్తారు. కాబట్టి ‘ఎలుకల్లో తగ్గింది’ అన్న వార్త చదివినప్పుడు, వాటిలో ముందుగా దేన్ని కలిగించారో తెలుసుకోవాలి.

ఎక్కువగా వాడే పద్ధతి సైక్లోఫాస్ఫమైడ్ ఇంజెక్షన్. ఇది క్యాన్సర్ చికిత్సలో వాడే మందే. శరీరంలో ఇది విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే అక్రోలిన్ అనే పదార్థం మూత్రంతో పాటు మూత్రాశయంలోకి చేరి లోపలి పొరను కాల్చినట్టు దెబ్బతీస్తుంది. క్యాన్సర్ రోగులకు పెద్ద మోతాదులో ఈ మందు ఇచ్చేటప్పుడు మెస్నా అనే మరో మందును జతచేసేది ఈ ప్రమాదాన్ని తప్పించడానికే. ఎలుకకు శరీర బరువులో కిలోకు సుమారు 150 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కసారి ఇస్తే కొన్ని గంటల్లోనే మూత్రాశయం వాచి, రక్తస్రావం మొదలవుతుంది. అయితే ఆ వాపు కొద్ది రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది కనుక, ఏళ్ల తరబడి వేధించే జబ్బుకు అది సరైన నమూనా కాదు. అందుకే దీర్ఘకాలిక స్థితిని చూడాలనుకున్నవారు 75 మిల్లీగ్రాముల చొప్పున మూడు రోజులకొకసారి పలుమార్లు ఇస్తారు.

అసలు చిక్కు వేరే ఉంది. 1915లో గై హన్నర్ అనే అమెరికన్ వైద్యుడు వర్ణించిన పుండ్లు, ఈనాటికీ ఆయన పేరుతోనే పిలిచేవి, ఈ రోగుల్లో కొందరికే ఉంటాయి. అవి ఉన్నవారి మూత్రాశయ కణజాలంలో లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు అనే రోగనిరోధక కణాలు గుమిగూడి, లోపలి పొర ఊడిపోయి, వాపు స్పష్టంగా కనిపిస్తుంది. పుండ్లు లేనివారిలో మాత్రం నొప్పి అంతే తీవ్రంగా ఉన్నా వాపు చాలా తక్కువగా ఉండవచ్చు. సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చిన ఎలుకలో ఉండేది ప్రధానంగా వాపే. ఆ వాపును తగ్గించిన మందు, వాపే అంతగా లేని రోగి నొప్పిని తగ్గిస్తుందని ఏ ధైర్యంతో చెప్పగలం?

ఈ లోపాన్ని పూడ్చడానికే వేర్వేరు నమూనాలు వచ్చాయి. మూత్రాశయ గోడను మూత్రంలోని పొటాషియం వంటి పదార్థాల నుంచి కాపాడే పలుచని పూతను ప్రొటమైన్ సల్ఫేట్ అనే రసాయనంతో దెబ్బతీసి, ఆ రక్షణ పోతే ఏమవుతుందో చూస్తారు. రోగనిరోధక వ్యవస్థ పాత్రను తెలుసుకోవడానికి, కోడిగుడ్డు తెల్లసొనలోని ఓవాల్బుమిన్ అనే ప్రొటీన్‌ను మూత్రాశయపు లోపలి పొరలో తయారుచేసేలా జన్యుమార్పు చేసిన చిట్టెలుకలున్నాయి. ఆ ప్రొటీన్‌ను గుర్తుపట్టే టి-కణాలనే రోగనిరోధక కణాలను వాటికి ఎక్కిస్తే, అవి నేరుగా మూత్రాశయం మీద దాడి చేస్తాయి. మరో పద్ధతిలో రసాయనాలే ఉండవు. నీళ్ల మధ్య ఉన్న చిన్న దిమ్మెపై ఎలుకను రోజుకు గంట చొప్పున పది రోజులు ఉంచితే, ఆ ఒత్తిడికే అది మాటిమాటికీ మూత్రం పోయడమూ, పొత్తికడుపు మీద తాకితే తట్టుకోలేకపోవడమూ మొదలవుతాయి. పుండ్లు లేని రోగులకు ఈ నమూనాయే ఎక్కువ దగ్గరగా ఉందని నా అభిప్రాయం.

నొప్పిని ఎలుక చెప్పలేదు కాబట్టి, క్రమంగా మందం పెరిగే సన్నని నైలాన్ తీగలతో దాని పొత్తికడుపును నొక్కి, ఏ తీగ దగ్గర అది వెనక్కి తగ్గుతుందో నమోదు చేస్తారు. పంజరం అడుగున పరిచిన వడపోత కాగితాన్ని అతినీలలోహిత కాంతిలో చూసి మూత్రపు మరకలను లెక్కిస్తారు. ఇందులోనూ జాగ్రత్త అవసరం, ఎందుకంటే చిట్టెలుకలు తమ వాసనను చాటుకోవడానికి కూడా అక్కడక్కడా మూత్రం చిలకరిస్తాయి.

మీరు చదివిన వార్తలో మరో సంగతి కూడా చూడండి. మందును జబ్బు కలిగించాక ఇచ్చారా, లేక ముందే ఇచ్చారా? ముందే ఇచ్చి ఉంటే అది నివారణకు రుజువే కానీ, ఏళ్లుగా నొప్పి ఉన్నవారికి చికిత్స అవుతుందనడానికి రుజువు కాదు. అక్కయ్య ఇప్పుడు వాడుతున్న మందులను ఈ వార్త చూసి మానవద్దు.

ప్రశ్న: జంతువులకు ఇంత బాధ కలిగించకుండా ఈ పరిశోధన చేయలేరా?
– మరొక పాఠకుడు

జవాబు: కొంతమేరకు చేయగలరు. మూత్రాశయ కణాలను ప్రయోగశాలలో పెంచి, ఆ పొర గుండా ఏయే పదార్థాలు లోపలికి జారుతున్నాయో పరీక్షించవచ్చు. కానీ నిండుతున్న మూత్రాశయం, నరాలు, మెదడు కలిసి నొప్పిని పుట్టించే తీరు గాజుపాత్రలో దొరకదు. నొప్పి నివారణ మందులిస్తే కొలవాల్సిన నొప్పే మారిపోతుంది కాబట్టి, అవి ఇవ్వకుండా చేసే ప్రయోగాన్ని ఏ దశలో ఆపాలో ముందే నిర్ణయించుకుని తీరాలి.

ఇక్కడ పెంపుడు పిల్లుల సంగతి చెప్పాలి. వాటికి ఇలాంటి జబ్బు సహజంగానే వస్తుంది. చాలావాటి మూత్రంలో సూక్ష్మజీవులుండవు, ఒత్తిడికి లక్షణాలు ముదురుతాయి. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ బృందం ఈ పిల్లులను ఏళ్ల తరబడి పరిశీలించింది. దాక్కునే చోటు, ఆట, శుభ్రమైన మలమూత్రాల తొట్టి వంటి మార్పులు ఇంట్లో చేసినప్పుడు వాటిలో లక్షణాలు గణనీయంగా తగ్గాయి. యజమాని అంగీకారంతో సాగే ఇలాంటి అధ్యయనం కోసం ఏ పిల్లికీ కొత్తగా జబ్బు తెప్పించాల్సిన పని లేదు.